మేస్త్రి ఫోన్‌లో ఏ డ్రాయింగ్ ఉంది? – నల్లగొండ ప్రసంగ పాఠం

(సైట్ ఇంజనీర్లు, చిన్న కాంట్రాక్టర్లు, మేస్త్రీలు కలిసి నల్లగొండలో పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి, అటు జడ్చర్ల నుంచి కూడా వచ్చారు, సంతోషం. ఆదివారం కూడా స్లాబ్ పెట్టుకునే వాళ్లం మనం, అది వదులుకొని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

ముందు ఒక ప్రశ్న. ఇప్పుడు మీరు నడిపిస్తున్న ఒక్క బిల్డింగ్‌కి మీ ఫోన్లో ఎన్ని వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి? ఓనర్‌తో ఒకటి, ఆర్కిటెక్ట్‌తో ఒకటి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో ఒకటి, స్టీల్, సిమెంట్ సప్లయర్లతో ఇంకొకటి, కరెంటు, ప్లంబింగ్ వాళ్లతో మరొకటి. అవునా? నవ్వుతున్నారంటే ఉన్నాయనే లెక్క. సరే, రెండో ప్రశ్న. ఆ బిల్డింగ్‌కి ఫస్ట్ ఫ్లోర్ బీమ్ డ్రాయింగ్ అన్నిటికంటే కొత్తది ఏదో ఇప్పుడే, ఇక్కడే, ఎవరికీ ఫోన్ చేయకుండా చూపించగలరా? మూడో ప్రశ్న, అసలైన ప్రశ్న. మీరు చూపించిన ఆ డ్రాయింగే అక్కడ రాడ్లు కట్టే మేస్త్రి చేతిలో కూడా ఉందని గట్టిగా చెప్పగలరా?

నేను ఇవాళ మాట్లాడేదంతా ఆ మూడో ప్రశ్న గురించే. క్లౌడ్ అంటారు, కొలాబరేషన్ అంటారు, యాప్ అంటారు, ఏ పేరైనా పెట్టుకోండి. రాడ్లు కట్టే మనిషి దాకా సరైన డ్రాయింగ్ సరైన టైముకి చేరిందా లేదా? చేరకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా దండగే.

మిర్యాలగూడ వైపు ఒక హాస్పిటల్ బిల్డింగ్‌లో జరిగింది చెప్తాను, పేర్లు వద్దు. టాయిలెట్లు ఉన్న చోట స్లాబ్‌ని కిందికి దించి పోయాలి కదా, సంకన్ స్లాబ్. మొదటి డ్రాయింగ్‌లో టాయిలెట్లు తూర్పు వైపు ఉన్నాయి. తర్వాత డాక్టర్ గారు లిఫ్ట్ అటు కావాలన్నారు, ఆర్కిటెక్ట్ టాయిలెట్లను పడమరకి మార్చి కొత్త డ్రాయింగ్ గ్రూపులో పెట్టాడు. పెట్టాడు, అది నిజం. సైట్ ఇంజనీర్ చూసి బొటనవేలు గుర్తు కూడా పెట్టాడు, అదీ నిజం. ఆ రోజు పండగ, కింద నలభై శుభాకాంక్షలు వచ్చి పడ్డాయి. కాంక్రీట్ పోయడానికి కింద అచ్చు కట్టే సెంట్రింగ్ మేస్త్రి ఆ గ్రూపులోనే లేడు. అతని దగ్గర అంతకు ముందు తీసిన ప్రింటు ఉంది, దాన్ని పట్టుకొని చక్కగా, కొలత తప్పకుండా, తూర్పు వైపు దించి సెంట్రింగ్ కొట్టాడు. కాంక్రీట్ పోసిన తర్వాత ప్లంబర్ వచ్చి అడిగితే గానీ ఎవరికీ తెలియలేదు. ఇందులో తప్పెవరిది చెప్పండి? ఆర్కిటెక్ట్ పంపాడు, ఇంజనీర్ చూశాడు, మేస్త్రి తన దగ్గరున్న డ్రాయింగ్ ప్రకారం చేశాడు. ఎవరి పని వాళ్లు చేశారు. అయినా స్లాబ్ పగలగొట్టారు. ఆ ఖర్చు ఎవరి మీద పడిందో మీకు నేను చెప్పక్కర్లేదు, సెంట్రింగ్ బిల్లులోనే కోశారు.

వాట్సాప్‌ని తిట్టడానికి రాలేదు నేను. "లారీ వచ్చింది, గేటు తీయండి" అని చెప్పడానికి దాన్ని మించింది లేదు. కానీ అది మాట్లాడుకునే చోటు. డ్రాయింగ్ దాచుకునే చోటు కాదు. అందులో పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉంటాయి, ఏది చెల్లుతుందో అది చెప్పదు. ఫోటో పంపితే సైజు తగ్గించి పంపుతుంది, రింగుల మధ్య దూరం 150 ఎంఎం ఉందో 200 ఉందో చూద్దామంటే మసకగా కనిపిస్తుంది. ఫోటోలో ఫోన్ రాసిపెట్టే తేదీ, లొకేషన్ వివరాలు కూడా చెరిగిపోతాయి. కనీసం ఫోటోని డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు అసలు ఫైలే వెళ్తుంది. చాలా మంది సైట్లో అది కూడా చేయట్లేదు.

మరి క్లౌడ్ అంటే ఏంటి? బ్యాంకు ఖాతా లాంటిదే అనుకోండి. నల్లగొండ బ్రాంచిలో వేసిన డబ్బు హైదరాబాద్ ఏటీఎంలో కనిపిస్తుంది, ఎక్కడి నుంచి చూసినా లెక్క ఒకటే. అట్లాగే డ్రాయింగ్ ఒక్క చోటే ఉంటుంది, అందరూ అక్కడికే వెళ్లి చూస్తారు, ఆర్కిటెక్ట్ అక్కడ మార్చితే మీ ఫోన్లో కూడా మారినదే తెరుచుకుంటుంది. ఇంతకు మించి ఇందులో మాయ లేదు.

దీనికి అంతర్జాతీయంగా ఒక ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ఓ 19650, దాని మొదటి రెండు భాగాలు 2018లో వచ్చాయి. అందులో నాకు బాగా నచ్చేది ఒక్కటే. ప్రతి డ్రాయింగ్‌కీ నాలుగు దశలు పెట్టారు. ఇంకా గీస్తున్నది, మిగతా వాళ్లకి చూపించడానికి పంచినది, కట్టడానికి ఒప్పుకొని విడుదల చేసినది, పని అయిపోయి దాచిపెట్టినది. మన సైట్లలో గొడవలు ఎక్కడ పుడతాయి? రెండో దశలో ఉన్న దాన్ని మూడోది అనుకొని కట్టేయడం దగ్గర. "చూసి చెప్పండి" అని పంపిన డ్రాయింగ్‌కి మనం రాడ్లు కోసేస్తాం. పెద్ద కంపెనీల సైట్లలో జీఎఫ్‌సీ (గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్, కట్టడానికి సరే) అని ముద్ర ఉంటే తప్ప పని మొదలుపెట్టరు, పెట్టనివ్వరు. మూడంతస్తుల ఇల్లు కట్టే మనకి ఆ ముద్ర ఎందుకు వద్దు?

టూల్స్ గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఎక్కువ మంది దీని కోసమే వచ్చి ఉంటారు గానీ నా దృష్టిలో ఇది చిన్న విషయం. ఆటోడెస్క్ వాళ్లది ఆటోడెస్క్ కన్‌స్ట్రక్షన్ క్లౌడ్, ఇంతకు ముందు బిమ్ 360 అనేవాళ్లు. అమెరికాలో ప్రొకోర్ ఎక్కువ వాడతారు. అకోనెక్స్ ఆస్ట్రేలియాలో పుట్టింది, ఇప్పుడు ఒరాకిల్ చేతిలో ఉంది. బెంట్లీ వాళ్ల ప్రాజెక్ట్‌వైజ్, ట్రింబుల్ కనెక్ట్ ఉన్నాయి. బెంగళూరు నుంచి పవర్‌ప్లే లాంటి మన దేశపు యాప్‌లు వచ్చాయి, అవి చిన్న కాంట్రాక్టర్‌ని దృష్టిలో పెట్టుకొని చేసినవి. పెద్ద పవర్ ప్లాంట్ పనికో, హైవే పనికో సబ్ కాంట్రాక్ట్‌కి వెళ్తే వాళ్లు ఏది వాడితే అదే మీరూ వాడాలి, అందులో ఎంచుకోవడం ఏమీ ఉండదు. సొంతంగా ఇళ్లు, షాపులు, రైస్ మిల్లు గోదాములు కట్టే వాళ్లు మాత్రం ముందు గూగుల్ డ్రైవ్‌తో మొదలుపెట్టండి. 15 జీబీ ఉచితం, కాకపోతే అందులోనే మీ జీమెయిల్, ఫోటోలు కూడా లెక్కకి వస్తాయి. ఆ క్రమశిక్షణ మీ టీమ్‌కి వచ్చిన తర్వాత డబ్బు పెట్టి యాప్ కొనండి. ముందే కొంటే ఏడాది చందా కట్టి, రెండో నెల నుంచి మళ్లీ వాట్సాప్‌కే వస్తారు. చాలా చోట్ల చూశాను ఇది.

ఇప్పుడు ఒక్క పనిని తీసుకొని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. మన నల్లగొండ నేల సంగతి మీకు తెలుసు. పైన ఎర్ర మట్టి, కింద మొరం, దాని కింద బండ. ఆ బండ ఎక్కడ తగులుతుందో ఎవరూ ముందు చెప్పలేరు, ఒకే ప్లాటులో ఒక మూల ఆరడుగులు తవ్వినా తగలదు, ఇంకో మూల మూడున్నర అడుగులకే తగులుతుంది. డ్రాయింగ్‌లో ఫుటింగ్, అంటే కాలమ్ కింది పునాది, లోతు ఆరడుగులు అని ఉంది. సీ4 నంబరు కాలమ్ దగ్గర మూడున్నరకే బండ. ఇప్పుడేం చేస్తాం? ఇంజనీర్‌కి ఫోన్ చేస్తాం. ఆయన హైదరాబాద్‌లో ఇంకో మీటింగ్‌లో ఉంటాడు, "గట్టి బండేనా? అయితే అక్కడే ఆపెయ్" అంటాడు. మనం పీసీసీ, అంటే రాడ్లు లేని అడుగు కాంక్రీట్, వేసి మూసేస్తాం. మూడు నెలల తర్వాత బిల్లు పెట్టినప్పుడు బండ తవ్విన రేటు వేస్తే ఓనర్ అడుగుతాడు, బండ ఎక్కడుంది చూపించు అని. ఎక్కడ చూపిస్తాం? ఫుటింగ్ కింద ఉంది! ఇంజనీర్‌ని అడిగితే ఆ ఫోన్ మాట ఆయనకి గుర్తు కూడా ఉండదు.

ఇదే పని సిస్టమ్‌లో ఎట్లా జరగాలి? గుంత తవ్విన వెంటనే, పీసీసీ కంటే ముందు, గుంతలో స్టాఫ్ (కొలత కర్ర) నిలబెట్టి లోతు కనిపించేలా ఒక ఫోటో, దూరం నుంచి పక్క కాలమ్ గుంత కూడా కనిపించేలా ఇంకో ఫోటో. వాటిని ఆ ప్రాజెక్టు ఫోల్డర్‌లో సీ4 పేరుతో పెట్టి, దాని కిందనే ఇంజనీర్‌ని అడగాలి. ఆర్‌ఎఫ్‌ఐ, రిక్వెస్ట్ ఫర్ ఇన్ఫర్మేషన్ అంటారు దీన్ని. అడగడం కూడా "ఏం చేయమంటారు సార్" అని కాదు. "సీ4 దగ్గర ఒక మీటరు ఐదు సెంటీమీటర్ల లోతులో గట్టి బండ తగిలింది, ఇక్కడే ఆపి, బండలో రంధ్రాలు వేసి రాడ్లు దింపి ఫుటింగ్ పోయవచ్చా, ఎన్ని రాడ్లు, ఎంత లోతు, రేపు సాయంత్రంలోగా చెప్పగలరు" అని రాయాలి. అట్లా అడిగితే ఆయన ఒక్క లైన్‌లో జవాబు ఇవ్వగలడు. ఆ జవాబు ఆ ఫోటో కిందనే తేదీతో సహా ఉండిపోతుంది. తవ్వకంలో ఎంత మట్టి, ఎంత మొరం, ఎంత బండ అనే కొలత కూడా ఆ రోజే ఎక్కించి, ఓనర్ తరఫు మనిషితో అందులోనే ఓకే పెట్టించాలి. మట్టి రేటు వేరు, బండ రేటు వేరు. గవర్నమెంట్ పనుల్లో ఎం బుక్, అంటే కొలతల పుస్తకం, రాసేది ఎందుకు? మూసేసిన పనికి మళ్లీ కొలత దొరకదు కాబట్టి. ప్రైవేటు పనుల్లో మనకి ఎం బుక్ ఉండదు, అందుకే చివరి బిల్లు దగ్గర చిన్న కాంట్రాక్టర్ బతిమాలుకోవాల్సి వస్తుంది. అన్నా, ఇది మీ డబ్బు గురించి చెప్తున్నాను. క్లౌడ్ ఓనర్ల కోసం, పెద్ద కంపెనీల కోసం అనుకుంటున్నారు మీరు. కాదు, రికార్డు లేకపోతే ఎక్కువ నష్టపోయేది మనమే.

ఇంకోటి, స్లాబ్. రెండు వేల చదరపు అడుగులు, ఐదు అంగుళాల మందం అంటే బీములు కాకుండానే దాదాపు 24 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్. కాంక్రీట్‌కి మన దేశపు కోడ్ ఐఎస్ 456 ప్రకారం 16 నుంచి 30 క్యూబిక్ మీటర్ల దాకా మూడు శాంపిళ్లు తీయాలి, శాంపిల్‌కి మూడు క్యూబులు (బలం పరీక్షకి పోసే కాంక్రీట్ దిమ్మెలు), అంటే తొమ్మిది. 28వ రోజు పరీక్ష చేయాలి. 28వ రోజు ఎప్పుడో ఎవరికి గుర్తుంటుంది? క్యాలెండర్‌లో వేసి టీమ్ అందరికీ షేర్ చేస్తే గుర్తుంటుంది, ఆ రోజు పొద్దున అదే మోగుతుంది. సెంట్రింగ్ ఎప్పుడు తీయాలి? స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరం, నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్ అయితే కింద నిలబెట్టిన ఊత కర్రలు 7 రోజులు ఉండాలి, దాటితే 14, ఆరు మీటర్లు దాటిన బీము కింద 21. అది కూడా ఓపీసీ, అంటే మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంట్‌కి చెప్పిన లెక్క. మనం వాడేది ఎక్కువగా బూడిద కలిపిన పీపీసీ, దానికి ఇంజనీర్‌ని అడిగి కొంచెం పెంచుకోవాలి. నీళ్లు పెట్టడం సంగతి చూడండి. మామూలుగా ఓపీసీకి 7 రోజులు, పీపీసీకి 10. కానీ పొడిగా, వేడిగా ఉండే చోట పీపీసీకి 14 రోజులు చేయమని అదే కోడ్ చెప్తుంది. మే నెల నల్లగొండ కంటే వేడి ఇంకెక్కడ ఉంటుంది చెప్పండి! ఈ తేదీలన్నీ పోత అయిన సాయంత్రమే క్యాలెండర్‌లో పడాలి. అప్పుడు ఇంకో సైట్లో సామాన్లు కావాలని సెంట్రింగ్ వాళ్లు ముందే వచ్చి ఊడదీయబోతే, వాచ్‌మన్ కూడా ఫోన్ చూపించి ఆపగలడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. పాలమూరు నుంచి వచ్చిన వాళ్లు చాలా మంది ఉన్నారు ఇక్కడ. దేశంలో ఏ డ్యామ్ పునాదుల దగ్గర చూసినా పాలమూరు కూలీ చెమట ఉంటుందని మనం గర్వంగానూ చెప్పుకుంటాం, బాధగానూ చెప్పుకుంటాం. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోతే తట్టా పార పట్టుకొని రాష్ట్రాలు దాటి పోయారు. మన పక్కనే ఉన్న నాగార్జున సాగర్ చూడండి. 1955 డిసెంబరులో శంకుస్థాపన చేసి, 1967లో కాలువలకి నీళ్లు వదిలారు, అంత పెద్ద ఆనకట్టని రాతితో కట్టారు. అన్ని వేల మంది చేతులు కట్టిన దాంట్లో ఆ చేతులు ఎవరివో పేరుపేరునా మనం చెప్పుకోగలమా? ఇవాళ మన సైట్లలో కథ తిరగబడింది, బీహార్ నుంచి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి రాడ్ బెండింగ్ వాళ్లు మన దగ్గరికి వస్తున్నారు. మనం వాళ్లకి ఏం ఇస్తున్నాం? డ్రాయింగ్ ఇంగ్లీషులో, మాట్లాడేది తెలుగులో, వాళ్లకి అర్థమయ్యేది హిందీలో. తప్పు జరిగితే మాత్రం "లేబర్ పాడు చేశారు" అంటాం.

అందుకే అంటున్నాను, మీరు ఏ టూల్ పెట్టినా మొదట అందులో చేర్చాల్సిన మనిషి మేస్త్రి. ఓనర్ ఆఖర్న చేరినా ఫరవాలేదు. మేస్త్రికి మొత్తం డ్రాయింగ్ సెట్ ఇవ్వకండి, గందరగోళం అవుతుంది. రేపటి పనికి సంబంధించిన ఒక్క షీటు చూడ్డానికి మాత్రం అనుమతి ఇవ్వండి, దాని మీద మారిన చోటు చుట్టూ ఎర్ర గీత గీయండి, కింద అతని భాషలో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి: "భయ్యా, పడమర వైపు నాలుగు బీముల్లో కింద రాడ్లు మారాయి, 12 ఎంఎం తీసేసి 16 ఎంఎం వేయాలి" అని హిందీలోనో తెలుగులోనో. అతను తిరిగి చెప్పాలి, బొటనవేలు గుర్తు చాలదు, ఏం అర్థమైందో తన నోటితో చెప్పాలి. రాయడం రాకపోతే ఏమైంది, మాట్లాడడం వచ్చు కదా. ఫోన్లో తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మార్చే సదుపాయం కూడా ఉంది, అది వాడి రోజువారీ రిపోర్టు చెప్పించండి, ఎంత మంది వచ్చారు, ఏ పని ఎంత అయింది, ఏ సామాను లేక ఆగింది అని.

ఇంకో మాట, దీన్ని కాపలా కుక్కలా వాడకండి. కొన్ని సైట్లలో యాప్ పెట్టగానే మొదట చేసే పని లేబర్ ఎప్పుడొచ్చారు, ఎప్పుడు కూర్చున్నారు అని ఫోటోలు తీయడం. అట్లా చేస్తే మేస్త్రి ఆ యాప్‌ని ఎప్పటికీ నమ్మడు, నిజం అందులో పెట్టడు. రాడ్ల కింద పెట్టే కవర్ బ్లాకులు లేవని అతను రాస్తే "నువ్వెందుకు ముందు చెప్పలేదు" అని తిట్టకుండా కవర్ బ్లాకులు పంపండి. రెండుసార్లు అట్లా జరిగితే మూడోసారి అతనే ముందు రాస్తాడు.

వెనక నుంచి తమ్ముడు చేయి ఎత్తుతున్నాడు, చెప్పు తమ్ముడూ. సిగ్నల్ లేని చోట ఎట్లా అంటున్నావు. దేవరకొండ దాటి డిండి వైపు, అటు అమ్రాబాద్ అడవి దగ్గర పని చేసే వాళ్లందరిదీ ఇదే బాధ. డ్రైవ్‌లో అయినా యాప్‌లో అయినా ఆఫ్‌లైన్ అనే మీట ఉంటుంది, పొద్దున రూముకాడ సిగ్నల్ ఉన్నప్పుడే ఆ రోజు షీట్లకి అది నొక్కాలి. సాయంత్రం మళ్లీ సిగ్నల్‌లోకి వచ్చాక ఫోటోలు ఎక్కుతాయి. కానీ గుర్తుంచుకో, ఆఫ్‌లైన్‌లో ఉన్నప్పుడు మధ్యాహ్నం డ్రాయింగ్ మారితే నీకు తెలియదు. కాబట్టి సిగ్నల్ లేని సైట్లో ఒక కట్టుబాటు ఉండాలి, పోతకి ముందు ఎవరో ఒకరు గుట్ట ఎక్కైనా సరే ఒకసారి చూసి రావాలి. కాగితం ప్రింటు కూడా ఉంచుకోండి, ఎండలో ఫోన్ స్క్రీన్ కనిపించదు, నాకు తెలుసు. కొత్త ప్రింటు ఇచ్చేటప్పుడు పాతది చేతికి తీసుకొని చింపాకే కొత్తది ఇవ్వండి.

చెల్లె ఇందాక టీ దగ్గర అడిగింది, ఇవన్నీ రేపు గొడవైతే కోర్టులో చెల్లుతాయా అని. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 ఉంది, దాని ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుని సాక్ష్యంగా పెట్టవచ్చు, దానికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి. ఎవరు ఎప్పుడు ఎక్కించారో తెలిసే అసలు ఫైలు మీ దగ్గర ఉంటే లాయర్ పని సులువవుతుంది, చేతులు మారిన ఫార్వర్డ్ ఫోటో ఉంటే కష్టమవుతుంది. అపార్ట్‌మెంట్లు కట్టే వాళ్లు ఇంకా జాగ్రత్తగా వినాలి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన తర్వాత ఐదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ తన ఖర్చుతో సరిచేయాలి. ఐదేళ్ల తర్వాత కూడా ఆ స్లాబ్ క్యూబ్ రిపోర్టు, ఆ పైపు ఎక్కడి నుంచి పోయిందో చూపే ఫోటో దొరకాలి. ఎవరి ఫోన్లో ఉంటుంది అది ఐదేళ్ల దాకా?

దాని మీదే ఒక హెచ్చరిక. ఎవరి ఖాతాలో పెడుతున్నారో చూసుకోండి. సైట్ ఇంజనీర్ తన సొంత జీమెయిల్‌తో ఫోల్డర్ తెరుస్తాడు, ఎనిమిది నెలలకి ఇంకో కంపెనీకి పోతాడు, ఆ ఫోల్డర్ యజమాని అతనే కాబట్టి రికార్డంతా అతనితోనే పోతుంది. తప్పు అతనిది కాదు, మీరు ఖాతా ఇవ్వలేదు కాబట్టి తనది వాడాడు. సంస్థ పేరుతో ఒక ఖాతా తీయండి, పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి.

మొదలుపెట్టడం ఎట్లా అంటే, ఒక్క సైట్, ఒక్క ఫోల్డర్, దాని లోపల మూడే మూడు: కట్టడానికి, చర్చలో, రద్దయినవి. డ్రాయింగ్ మారినప్పుడు కొత్త ఫైలుగా పెట్టకుండా, పాత ఫైలు మీదే కొత్త వెర్షన్‌గా ఎక్కించండి, డ్రైవ్‌లో ఆ ఆప్షన్ ఉంది. అప్పుడు మేస్త్రి దగ్గరున్న లింకు మారదు, నొక్కితే కొత్తదే వస్తుంది. ఒకటి మాత్రం మరిచిపోకండి, పాత వెర్షన్లని డ్రైవ్ 30 రోజుల తర్వాత తీసేయవచ్చు, ఎప్పటికీ ఉంచమని పక్కన టిక్ పెడితేనే ఉంటాయి. బిల్లు తగాదాల్లో కావాల్సింది ఆ పాతవే, కాబట్టి రద్దయినవి ఫోల్డర్‌లో కూడా ఒక కాపీ పడేయండి. వాట్సాప్ గ్రూపుని మూసేయక్కర్లేదు. అందులో ఫైలు పెట్టడం మానేసి లింకు మాత్రం పెట్టండి.

సరే, నేను ఇంకా మాట్లాడితే మీరు ఇంటికి పోయి మరిచిపోతారు. ఫోన్లు బయటికి తీయండి. ఇక్కడ సిగ్నల్ బాగానే ఉంది. ఇంజనీర్లు, మేస్త్రీలు ఎవరి సైట్ వాళ్లు ఒక దగ్గర కూర్చోండి, సంస్థ ఖాతా లేని వాళ్లు ముందు వరసలోకి రండి, మొదట మీవి తెరుద్దాం.